చచ్చిన దొర మాట

సముద్రపొడ్డున పాడుపడ్డ బంగళాలో, ఏనాడో చచ్చిపోయిన తెల్లదొర గొంతు వినిపిస్తోందని పుకారు. ఇంగ్లీషు చదువుకున్న జమీందారు జగపతిరాజుకి ఆ పక్కనున్న జాలరిపల్లె నేల మీద కన్నుంది. ఒక సాయంత్రం పల్లెవాళ్ళందర్నీ బంగళా ముందు నిలబెట్టాడు.

ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. లోపల్నించి నీళ్ళలో మునిగినట్టున్న గొంతు "లీవ్" అంది.

"విన్నారా? వెళ్ళిపొమ్మంటున్నాడు దొర. పల్లె ఖాళీ చెయ్యండి," అన్నాడు జమీందారు.

గుంపులో ఉన్న జాలరి గురమ్మకీ భయమేసింది. కానీ ఇంటినిండా పసిపిల్లలు, ఎక్కడికని పోతుంది? ముందుకొచ్చింది.

"ఆ మాటకి అదొక్కటే అర్థమా బాబూ?"

"వదిలెయ్యమని కూడా అర్థముంది," అన్నాడు గొప్పగా.

"మాకు ఇంగిలీషు రాదని దొరకి తెలీదా? మాకు చెప్పాలనుంటే మాకు తెలిసిన మాటే చెప్పును. ఇక్కడ ఆ మాట తెలిసినోరు తమరొక్కరే. వెళ్ళిపొమ్మన్నా, మా నేల వదిలెయ్యమన్నా, తమరికే బాబూ."

జమీందారు నవ్వబోయాడు. అంతలో ఆ గొంతు గుమ్మం దాకా వచ్చి, "జగపతీ, లీవ్" అంది.

అతను చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తాడు. మళ్ళీ ఆ పల్లె ఊసెత్తలేదు.

దొరకి ఆ పేరెవరు చెప్పారో గురమ్మకి చచ్చేదాకా అంతుపట్టలేదు.