రంగు కింద రేకు

"సుబ్బరత్తమ్మను పంపించేయాలి స్వామీ" అన్నాడు కోటిలింగం.

పెద్దయ్య వేపపుల్లతో పళ్ళు తోముకుంటున్నారు. పుల్ల నోట్లోంచి తీయలేదు. వింటున్నానన్నట్టు తల మాత్రం ఊపారు.

గిద్దలూరు దాటి నల్లమల ఎక్కే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంది ఆ ఆశ్రమం. నాలుగు రేకుల గదులు, ఒక వంటిల్లు, వెనక కూరగాయల మడులు. ఎవరొచ్చినా అన్నం పెడతారు. అంతకుమించి అక్కడ చెప్పుకోదగ్గ మహిమలేవీ లేవు. గురువుగారిని అందరూ పెద్దయ్య అంటారు. ఇటు రాకముందు ఆయన లారీ నడిపేవారని కొందరి మాట. ఆయన్నే అడిగితే నవ్వి ఊరుకుంటారు.

మోకాళ్ళు సహకరించక, ఆర్నెల్ల కిందట ఆశ్రమం బాధ్యత కోటిలింగానికి అప్పగించారాయన. అప్పటిదాకా కోటిలింగం వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండేవాడు. వంటమనిషి సుబ్బరత్తమ్మ, తోటపని చూసే ఓబులేసు, దారినపోయేవాళ్ళు, ఎవరి గోడు ఉన్నా అతని ముందే వెళ్ళబోసుకునేవాళ్ళు. అతను పెద్దగా బదులు చెప్పేవాడు కాదు. "ఊఁ" అనేవాడు, "అట్నా" అనేవాడు. వాళ్ళకు అదే చాలు, లేచి మళ్ళీ పనిలో పడేవాళ్ళు.

బాధ్యత వచ్చాక ఈనెలు తీయడం మానేశాడు. ముందుగదిలో బల్లా కుర్చీ వేయించాడు. గుమ్మానికి తెర కట్టించాడు. గేటుకూ గోడలకూ రంగులు కొట్టించాడు. చెప్పొద్దూ, ఆశ్రమం చూడ్డానికి ముచ్చటగానే తయారైంది. ఎవరైనా తెర తొలగించి తొంగిచూస్తే "ఇప్పుడు కాదు, తర్వాత రండి" అనేవాడు. ఆ తర్వాత ఎప్పుడో ఎవరికీ తెలిసేది కాదు, అతనితో సహా. సుబ్బరత్తమ్మను అక్కా అని పిలవడం కూడా ఎప్పుడో మానేశాడు.

పెద్దయ్య నోరు పుక్కిలించి అడిగారు. "ఏం చేసింది?"

"ఏం చేయలేదో అడగండి స్వామీ. ఒకపూట పప్పులో ఉప్పు నోట పెట్టుకోలేం. ఇంకోపూట అసలుండదు. నిన్న బియ్యం తెచ్చిచ్చిన పెద్దమనిషి పలకరిస్తే ఆయన మీద విరుచుకుపడింది. ఓబులేసు మీదికి గరిటె విసిరింది. వాడు అలిగి మడులకు నీళ్ళు పెట్టడం మానేశాడు. వంకాయలన్నీ వాడిపోతున్నాయి. అన్నిటికీ ఆమే కారణం."

"ఎక్కడికి పంపిస్తావు? ఆమెకెవరున్నారు?"

"ఎవరూ లేరు. మార్కాపురంలో ముసలివాళ్ళకు ఏదో సత్రం ఉందట. నేనే దింపి వస్తాను."

"సరే" అన్నారు పెద్దయ్య. "కారు బాగుందా?"

అక్కడ కోటిలింగం నీళ్ళు నమిలాడు.

ఆ కారు ఎవరో భక్తుడు వాడి వాడి ఇచ్చిపోయింది. చాలా పాతది. జబ్బుపడ్డవాళ్ళను ఆసుపత్రికి చేర్చడానికీ, సంతకు పోయి రావడానికీ పనికొస్తుంది. కిందటి నెల కోటిలింగం దానికి నీలం రంగు కొట్టించాడు. దగ్గరుండి, లైట్లన్నీ విప్పించి, డిక్కీ లోపలి రేకు కూడా వదలకుండా కొట్టించాడు. ఎండలో నిలబెట్టుకుని చుట్టూ తిరిగి చూసుకుని మురిసిపోయాడు. అదిగో, ఆనాటి నుంచి దానికి తిక్క పట్టింది.

"బ్రేకు తొక్కితే కుడిపక్క ఇండికేటర్ లైటు వెలుగుతోంది స్వామీ. మీటర్ల దగ్గర పచ్చబాణం కూడా. నేను ఎటూ తిరగను, అది మాత్రం కుడికి పోతున్నానని ఊరంతా చాటుతుంది. మొన్న ఘాట్ రోడ్డులో వెనక లారీవాడు దాన్ని నమ్మి ఎడమవైపు నుంచి దూరాడు. వెంట్రుకవాసిలో తప్పింది."

"మరేం చేశావు?"

"బల్బు మార్చాను. స్విచ్చి మార్చాను. ఆ పక్క లైటుదే దోషం. మొండిఘటం."

"కారు బాగయ్యాక ఆమెను తీసుకుపోదువుగాని. పద చూద్దాం" అని లేచారు పెద్దయ్య.

కారు వంటింటి ముందే ఉంది. గుమ్మంలో కూర్చుని సుబ్బరత్తమ్మ చేటలో బియ్యం తడిమి ఏరుతోంది. వీళ్ళ మాటలన్నీ ఆమెకు వినపడే ఉంటాయి. ఆమె చెవులకేం లోటు లేదు.

పెద్దయ్య లోపల కూర్చుని బ్రేకు తొక్కారు. కోటిలింగం వెనక నిలబడి చూశాడు. ఎర్రగా వెలగాల్సిన బ్రేకు లైటు కుడివైపు మసకమసగ్గా ఉంది. పక్క లైటు మాత్రం మినుకు మినుకుమంటోంది.

"వెలిగింది స్వామీ, చూశారా!" దొంగను పట్టించినంత ఉత్సాహం అతని గొంతులో.

"ఏం చేద్దామంటావు?"

"పీకేద్దాం."

"పీకేయ్."

కోటిలింగం లైటు మీది అద్దం విప్పి ఆ బల్బు పీకాడు. పెద్దయ్య మళ్ళీ తొక్కారు. ఈసారి దాని కిందుండే చిన్న లైటు, చీకటిపడ్డాక వేసుకునేది, గుడ్డిగా వెలిగింది.

"ఇప్పుడిది మొదలెట్టింది!"

"అదీ పీకేయ్."

పీకాడు. పెద్దయ్య తొక్కారు.

"ఇప్పుడేది వెలుగుతోంది?"

"ఏదీ లేదు స్వామీ."

"గొడవ వదిలిందిగా."

కోటిలింగం వంగి చూశాడు. "ఈ పక్క బ్రేకు లైటు కూడా పోయింది."

"ఓహో" అన్నారు పెద్దయ్య.

కారు దిగి, మోకాలు పట్టుకుని మెల్లగా వెనక్కి వచ్చారు. కోటిలింగం అరచేతిలో బల్బులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. వాటిని వేలితో అటూ ఇటూ కదిపి చూశారు.

"ఇవి పాడైనవా?"

"లేదు స్వామీ. మంచివే."

పెద్దయ్య డిక్కీ ఎత్తారు. "సుబ్బరత్తమ్మా, చిన్న కత్తి ఒకటి తెచ్చివ్వు తల్లీ."

ఆమె గోడ పట్టుకుని మెట్టు దిగి వచ్చింది. కత్తి పెద్దయ్య చేతికిచ్చింది. కోటిలింగం ఉన్న వైపు తల తిప్పలేదు.

"నా కత్తి నాకు మళ్ళీ ఇయ్యండి స్వామీ. మార్కాపురం పోయేటప్పుడు ఎత్తుకపోవాల" అనేసి లోపలికి పోయింది.

లైట్ల వెనక నుంచి వచ్చిన ఒక నల్లవైరు చివర చిన్న రింగు ఉంది. దాన్ని రేకుకు మరతో బిగించి ఉంది. పెద్దయ్య కత్తిమొనతో ఆ మర విప్పి, వైరు పక్కకు తీశారు. దాని కింద నీలం రంగు నిగనిగలాడుతోంది. ఆయన కత్తి పెట్టి ఆ రంగు గీకడం మొదలుపెట్టారు.

"స్వామీ, రంగు!" కోటిలింగం ప్రాణం ఉసూరుమంది.

పెద్దయ్య గీకుతూనే ఉన్నారు. నీలం పొట్టు రాలింది. కింద రేకు తెల్లగా, అణా బిళ్ళంత మేర బయటపడింది. చొక్కా అంచుతో తుడిచి, వైరు దాని మీద పెట్టి మర బిగించారు.

"నీ బల్బులు నువ్వు పెట్టేయ్."

కోటిలింగం పెట్టాడు. పెద్దయ్య పోయి బ్రేకు తొక్కారు. ఎర్రలైటు నిండుగా వెలిగింది. పక్క లైటు ఉలకలేదు, పలకలేదు. ఇంతకాలం నింద మోసిన దానిలా కాకుండా, ఏమీ ఎరగనట్టు తన చోట తను ఉంది.

"వెళ్ళిన కరెంటు తిరిగి రావాలి కోటీ" అన్నారు పెద్దయ్య లోపలినుంచే. "ఆ నల్లవైరు మీదుగా రేకులోకి వచ్చి చేరాలి. రంగు అడ్డం పడింది. ఇక అదేం చేస్తుంది, దొరికిన దారిన దూరింది. ఆ దారిలో ఎవరున్నారో వాళ్ళు వెలిగారు."

కారు దిగి కత్తి అతని చేతిలో పెట్టారు. "కారు బాగైంది. ఇక నీ ఇష్టం." వంకాయ మడుల వైపు నడిచిపోయారు.

కోటిలింగం డిక్కీ మూయకుండా చాలాసేపు నిలబడిపోయాడు. అంత నీలంలో ఆ కాస్త తెల్లరేకునే చూస్తూ ఉన్నాడు. అతనికి సిగ్గేసింది. ఎండ చురుక్కుమంటుంటే కదిలాడు.

వంటింటి గుమ్మం దాకా పోయి ఆగాడు. తను ఒకప్పుడు కూర్చునే చోట ఇప్పుడు బొగ్గుల బస్తా ఉంది. దాన్ని పక్కకు లాగి, గడప దగ్గర చతికిలబడ్డాడు. చిక్కుడుకాయల బుట్ట ముందుకు జరుపుకున్నాడు.

"అక్కా" అన్నాడు.

ఆమె పొయ్యి దగ్గర నుంచి తిరగలేదు. "ఇప్పుడు కాదు అయ్యగారూ. తర్వాత రండి."

కోటిలింగానికి ఆ మాట చెంప మీద కొట్టినట్టయింది. తన నోటి మాటే. అయినా లేవలేదు.

"ఊఁ" అన్నాడు. ఒక్కో కాయకూ ఈనె తీస్తూ కూర్చున్నాడు.

కూర ఉడికింది. ఆమె దించింది. చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, అతనికి ఎదురుగా కూలబడింది. బుట్ట తడిమి తనూ ఒక కాయ తీసుకుంది.

"కుడికన్ను పోతా ఉంది కోటీ" అంది చివరికి. "ఎడమదీ మసకలు కమ్ముతా ఉంది. ఉప్పెంత ఏసినానో కనపడదు. ఆ బియ్యం ఆయన ఎదురుగా నిలబడి నవ్వితే మనిషెవరో తెలీక బెదిరిపోయినా. గరిటె కూడా ఓబులేసని తెలిసి ఇసిరినానా? కుక్క దూరిందనుకున్యా. వాడితో ఆ మాట ఎట్ట చెప్పేది? గుడ్డిదాన్నని తెలిస్తే ఈడ ఉండనిస్తారా? నీకొక్కడికే చెప్పుకుందామని ఆ తెర కాడికి ఎన్నిసార్లు వచ్చినానో."

కోటిలింగం ఎప్పటిలా "అట్నా" అనబోయి ఆగాడు. బుట్టలోకి తల వంచుకున్నాడు.

వాకిట్లో నిలబడి ఓబులేసు అంతా విన్నాడు. కాసేపటికి వాడూ వచ్చి కాస్త ఎడంగా కూర్చున్నాడు. వాడికీ చెప్పుకోవాల్సింది ఏదో ఉన్నట్టుంది.

మర్నాడు పొద్దున్నే కారు గేటు దాకా వచ్చి ఆగింది. వెనకసీట్లో సుబ్బరత్తమ్మ చేతిసంచీ పట్టుకుని కూర్చుని ఉంది. చిరిగిన సీటు గుచ్చుకోకుండా ఆమె కింద మందంగా మడతపెట్టిన గుడ్డ ఒకటి ఉంది. పెద్దయ్య తేరిపార చూశారు. అది ముందుగది తెర.

"మార్కాపురమేనా?" అన్నారు.

"నంద్యాల స్వామీ" అన్నాడు కోటిలింగం. "కంటి ఆసుపత్రికి."

పెద్దయ్య మెల్లగా నడుస్తూ కారు వెనక్కి పోయారు.

"బ్రేకు తొక్కు."

కోటిలింగం తొక్కాడు. రెండు ఎర్రదీపాలూ సమంగా వెలిగాయి. ఆయన వాటిని కాసేపు చూసి, కారును అరచేత్తో తట్టారు.

"వెళ్ళి రండి" అన్నారు. "ఇద్దరూ."