పుట్టింటి మడుగున వెలసిన పురిటి గంగమ్మ

చిలకలగెడ్డ అనే కొండవాగు ఏటిలో కలిసే ఇరుకు మలుపులో, గట్టు మీద పురిటి గంగమ్మ గుడి ఉంది. గుడి చిన్నదే గాని తల్లి పేరు పెద్దది. గర్భాలయంలో చెక్కిన విగ్రహం కోసం వెతకవద్దని మనవి. నిండు చూలాలి పొట్టలా నునుపుదేరిన ఏటిరాయే అమ్మవారు. గుడికి ఎదుట ఉన్న లోతు నీటిని పుట్టింటి మడుగు అంటారు. ఈ పేర్లు ఎలా వచ్చాయో పెద్దలు చెప్పిన ప్రకారం విన్నవించుకుంటున్నాము.

పూర్వం ఇక్కడి జాలరిపేటకు దాలయ్య పెద్దగా ఉండేవాడు. వల విసరడంలో చెయ్యి తిరిగినవాడు. తొలకరి వరద రాగానే కడుపునిండా జనతో, అంటే గుడ్లతో, చేపలు ఎదురెక్కి గెడ్డలోకి వచ్చేవి. పేటవారు ఇరుకులో అడ్డంగా వల కట్టి, వచ్చినవాటిని వచ్చినట్టే పట్టేసేవారు. అంత సుఖమైన వేట మరొకటి లేదు. అయితే ఏడాదికేడాది చేప తగ్గిపోయింది. పేట ఎత్తేసి మరోచోటికి పోవలసిందే అనుకునే రోజులు వచ్చాయి. పాపం, గంగమ్మకు కోపం వచ్చిందని మేకపోతులను కోశారే గాని, తమ వల వంక చూసుకున్నవారు లేరు.

ఆ ఏడు దాలయ్య కూతురు అచ్చియ్యమ్మ తొలి పురిటికి పుట్టింటికి వచ్చింది. కూతురంటే ఆయనకు పంచప్రాణాలు. పిల్లకు జన కూర తినిపించాలని ఇరుకులో వల కట్టి, మధ్యాహ్నం గట్టున కునుకు తీశాడు. కలలో తడిచీరతో నిండు చూలాలు ఒకతె వల అవతల నిలబడింది.

"గుమ్మానికి వల కట్టేసినావేటి నాయినా? నానెలాగ రావాల? పురిటికొచ్చిన ఆడపిల్లని ఎవలైనా కోసుకు తింతారా?" అంది.

గంగమ్మే ఆ రూపాన వచ్చిందని గ్రహించి దాలయ్య ఉలిక్కిపడి లేచాడు. వల బరువుగా కదులుతోంది. పేటవారు అప్పటికే బుట్టలతో దిగుతున్నారు. ఆయన వల తాడు కోసేశాడు. చేపలన్నీ పైకి ఎదురెక్కి పోయాయి. వలలో ఒక నున్నటి రాయి మాత్రం మిగిలింది.

"మతి పోయిందేటి బావా! పిల్లలకేటి పెడతాం?" అని బావమరిది కాముడు మీదికి వచ్చాడు. కల సంగతి చెబుతూ దాలయ్య అందరి ఎదుటా ఏడ్చేశాడు. అచ్చియ్యమ్మ, తల్లి తనకోసం చేసిన చలిమిడి తెచ్చి, రాయికి పసుపు రాసి, ముద్దలు నీటిలో వేసింది.

"మావా, నన్ను కూడా గుమ్మంలోంచి గెంటేత్తావా?" అని అడిగింది.

 కాముడు ఇంటికి వెళ్ళి తన వల తెచ్చి రాయి ముందు పెట్టాడు. ఆ ఏడు పేట గంజితోనే గడిపింది. అచ్చియ్యమ్మకు పండంటి ఆడపిల్ల పుట్టింది. శీతాకాలానికి మడుగు నిండా చేపపిల్లలు మిలమిలలాడాయి. పేట ఎత్తేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నేటికీ తొలకరి వరద నుండి వినాయక చవితి వరకు పేటలోని వలలన్నీ అమ్మవారి సన్నిధిలోనే ఉంటాయి. ఆ రోజుల్లో వచ్చే భక్తులు చేపల పులుసు అడిగి మొహమాటపెట్టవద్దు, ఎండుచేపతో సరిపెట్టుకోవాలి. పురిటికి వచ్చిన ఆడపిల్ల తొలి చలిమిడి ముద్ద మడుగులో వేస్తే సుఖప్రసవం కలుగుతుందని నమ్మకం. ఆ నెలల్లో నీరు కదిలితే చేపలు వచ్చాయని ఇక్కడ ఎవరూ అనరు.

"ఆడపిల్లలొచ్చినారు, గట్టిగా మాటాడకండి" అంటారు.