అమ్మవారి పోగు

చౌడప్ప అయ్యవారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు అడిగినవాళ్ల చేతులు చూస్తారు. చేతులు ఖాళీగా ఉంటే వాటికో పని ఒప్పజెప్తారు. జవాబు మాత్రం చెప్పరు. ముప్పై ఏళ్లుగా మా నేతగాళ్ల సంఘానికి డిజైన్లు గీస్తున్న మనిషి ఆయన. చిత్రావతి ఒడ్డున ఉన్న మా ఊళ్లో నలభై మగ్గాల మీద ఏ అంచు దిగినా, ఏ కొంగు పూసినా అది ఆయన గీతే. ఏ బడిలోనూ పాఠం చెప్పకపోయినా మేమంతా ఆయన్ని అయ్యవారనే పిలుస్తాం. నా పేరు నాగభూషణం, పదకొండో మగ్గం నాది. నేను నేసిన హంస అంచు చీరను బెంగుళూరు షావుకార్లు తిప్పి తిప్పి చూస్తారని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. ఈ సంగతి నా మగ్గం దగ్గరే జరిగింది కాబట్టి చెప్పే హక్కు కూడా నాదే.

అయ్యవారి గదిలో ఇరవై రెండేళ్ల నాటి కంప్యూటర్ ఒకటి ఉంది. అందులో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఎంత పాతదంటే, దాన్ని తయారు చేసినవాళ్లే ఇక మాకు సంబంధం లేదని ఎప్పుడో చేతులు దులుపుకున్నారు. మగ్గం పైనుండే జాకార్డు పెట్టెకు ఏ పోగు ఎత్తాలో ఏది వదలాలో చెప్పేవి రంధ్రాలు పొడిచిన అట్టలు. ఆ రంధ్రాలు పొడిచే యంత్రం ఈ పాత సిస్టమ్ మాట తప్ప మరొకరి మాట వినదు. మూడు వందల పన్నెండు డిజైన్లు దాని కడుపులోనే ఉన్నాయి. వైరస్ తగులుకుంటుందని దానికి ఇంటర్నెట్ కూడా ఇవ్వలేదు. మేము దాన్ని ముసలాయన అంటాం. అమావాస్య రోజు మగ్గాలు ఆపి పసుపు కుంకుమలు పెట్టేటప్పుడు ముసలాయనకూ ఒక బొట్టు పెట్టి, ఆ ఒక్కరోజు గుడ్డ కప్పి పడుకోబెడతాం.

అయ్యవారికి చూపు తగ్గింది. ఇక ఆ కుర్చీలో కూర్చోవలసింది ఆయన శిష్యురాలు హేమావతి. ముప్పై రెండేళ్ల మనిషి, తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గరే పని చేస్తోంది. ఆడమనిషి డిజైన్ గదికి పెద్ద కావడం మా సంఘంలో అదే మొదలు. సంఘం ప్రెసిడెంట్ ఓబులేసు కొత్త కంప్యూటర్ ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టి, ముసలాయన్ని ఉంచాలో తీసేయాలో ఆషాఢం వెళ్లేలోపల నువ్వే తేల్చు అన్నాడు. తీసేస్తే డిజైన్లన్నీ దానితోపాటే పోతాయి. ఉంచితే అది ఏ రోజు మొరాయిస్తుందో ఎవరికీ తెలియదు, మొరాయించిన రోజున నలభై మగ్గాలు నిలబడిపోతాయి. ఎటు జరిగినా ఊరు వేలెత్తి చూపేది హేమావతినే. ఆమె సరిగ్గా అన్నం కూడా తినడం లేదని మా ఆవిడ అంజనమ్మ నాతో రెండుసార్లు అంది.

జ్యేష్ఠ అమావాస్య మరునాడు పొద్దున్నే నేను అయ్యవారి గదికి వెళ్లాను. నా మగ్గానికి హంస అంచు పెళ్లిచీర పని వచ్చింది. పెళ్లివాళ్లు ఇరవయ్యో రోజున వస్తారు, నేయడానికి పన్నెండు రోజులు కావాలి. ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క హంస అట్టల కట్టను నా అటక మీంచి దించి చూస్తే సగానికి పైగా ఎలుకల పాలయ్యాయి. ముసలాయన చేత కొత్తవి కొట్టించుకుందామని ఆ మిగిలిన కట్ట పట్టుకుని వెళ్లేసరికి, హేమావతి అయ్యవారి ముందు నిలబడి ఉంది.

"అయ్యోరూ, ముసిలాయన్ని ఉంచాల్నా, తీసెయ్యాల్నా? మీరొక మాట చెప్తే నేను తలకాయ దించుకోని చేస్తా."

అయ్యవారు ఆమె చేతులు చూశారు. నా దగ్గరున్న అట్టల కట్ట తీసి ఆ చేతుల్లో పెట్టారు. ముసలాయన మీద నిన్న కప్పిన గుడ్డ ఇంకా తీయలేదు. దాన్ని సరిగ్గా నాలుగు మూలలా లాగి సర్దారు.

"దానికింకా అమావాస్య అయిపోలేదు పాపా. ఇంగ ఎనిమిది దినాలుంటాది. ఈయప్పకు హంస అట్టలు కావల్లంట, కొట్టియ్యి."

నాకు ఒళ్లు మండింది. పాఠం ఆమెకైతే శిక్ష నా మగ్గానికా? అయ్యవారి ముందు పైకి అనలేదు గానీ, బయటికొచ్చి గోడకు వినపడేంత గట్టిగానే అన్నాను.

మొదటి రోజు హేమావతి ధైర్యంగానే ఉంది. ఎప్పుడైనా పనికొస్తాయని ఐదేళ్ల కిందటే డిజైన్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దాచుకుంది. దాన్ని కొత్త కంప్యూటర్‌కు తగిలించింది. మూడు వందల పన్నెండు పేర్లూ వరసగా కనపడ్డాయి. ఒక్కటీ తెరుచుకోలేదు. పాత సిస్టమ్ రాసిన రాత కొత్తదానికి చదవరాదు. అనంతపురంలో తెలిసినవాళ్లకు ఫోన్లు చేసింది, వాళ్లు చెప్పినవన్నీ చేసి చూసింది, రెండు రోజులు అట్లా కరిగిపోయాయి. మూడోరోజు పొద్దున నా మగ్గం దగ్గరికొచ్చి ఖాళీ జాకార్డు పెట్టెను చూస్తూ కూర్చుంది.

"తొమ్మిదేండ్లు పనిచేసినా గదన్నా. హంసను ఎట్ల గీయల్లో నాకు రాదు. దానికే వచ్చు."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూడలేకపోయాను. నా చీర సంగతి కాసేపు మరిచిపోయాను కూడా. పక్కన కూర్చుని కండెలు చుడుతున్న అంజనమ్మ మాత్రం చేతిలో పని ఆపి, "హంస కావల్లంటే నా చీరలో లేదా?" అని లోపలికి వెళ్లి పెట్టె తెరిచింది. ఇరవై ఏళ్ల కిందట మా పెద్దపాపకు పేరు పెట్టిన రోజు ఆమె కట్టుకున్న చీర అది. నేసింది ఎవరో చెప్పనక్కర్లేదు, అయినా చెప్తున్నాను, నేనే. జరీ ఇప్పటికీ నల్లబడలేదు.

హేమావతి పోగులు లెక్కపెట్టే చిన్న భూతద్దాన్ని అంచు మీద బోర్లించి, సూది మొనతో ఒక్కో పోగే తప్పిస్తూ లెక్క మొదలుపెట్టింది. హంస అంచుకు నూట ఇరవై పడుగు పోగులు, నూట నలభై పేకలు. పేకకు ఒక అట్ట. ఆమె అంకె చెప్పడం, అంజనమ్మ దాన్ని గట్టిగా తిరిగి చెప్పడం, గ్రాఫు కాగితం మీద గడి నింపడం, ఇదే పని. మూడో రోజు రెక్కల వరకూ వచ్చింది. నాలుగో రోజు సాయంత్రానికి మెడ వచ్చింది. ఐదో రోజుకు ఆమె భూతద్దం పక్కన పెట్టి నాకు పాఠం చెప్పడం మొదలుపెట్టింది. మెడ వంపు దగ్గర రెండు పోగులు ఎందుకు ఎక్కువ లేచాయో, అవి లేకపోతే హంస కాస్తా బాతు ఎట్లా అయిపోతుందో వేలు పెట్టి చూపించింది. ఇరవై రెండేళ్లుగా ఆ హంసను నేస్తున్న నాకే అది తెలియదు. నాకే చెప్తుందా అని ఒక పక్క ఉడుకుమోత్తనం, చెప్పగలుగుతోంది గదా అని ఇంకో పక్క సంతోషం.

గ్రాఫు పూర్తయ్యాక, సరి చూసుకోవడానికి ఎలుకలు దయతలచి వదిలిన అట్టలు తీసింది. అవి అరవై ఒకటి ఉన్నాయి. అన్నీ ఆమె గ్రాఫుతో సరిపోయాయి, యాభై మూడోది తప్ప. ఆమె గీతలో అక్కడ ఒక రంధ్రం ఎక్కువ ఉంది. మళ్లీ లెక్కపెట్టింది. మూడోసారి లెక్కపెట్టింది. చీరలో పోగు లేచే ఉంది, అట్టలో రంధ్రం లేదు. మూడు రోజుల లెక్క మొత్తం తప్పేమోనని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది.

"యాభైమూడా?" అన్నాను నేను. "దానికి ఏడుస్తావా? అది అమ్మవారి పోగు గదమ్మా. అట్టలో ఉండదు."

తెలియనివాళ్లకు చెప్పాలి. హంస కన్ను దగ్గర ఒక పోగును యంత్రం ఎత్తదు. మేము పేక పోగు మోసుకెళ్లే నాడె ఆపి, మా ఊరి అమ్మవారిని "చౌడమ్మ తల్లీ" అని తలుచుకుని, చూపుడువేలితో ఆ పోగు ఎత్తి అప్పుడు నాడె విసురుతాం. చీరకు నూరు సార్లకు తక్కువ కాదు. ఆ ఒక్క పోగు మనిషి చెయ్యే ఎత్తాలని, ఎత్తనివాడి చీరకు కళ రాదని మా నలభై మగ్గాల నమ్మకం. నేత నేర్చుకునేవాళ్లకు మేము హంస ఇచ్చేటప్పుడు మొదట చెప్పేది అదే.

"ఎవురు పెట్టినారన్నా ఈ పద్ధతి?"

"తాతల నాటిది."

"తాతల నాడు ఈ అట్టలు యాడివన్నా? ఇవి ముసిలాయన వచ్చినంక కొట్టినవి గదా."

 ఇద్దరం గ్రాఫు కాగితం చుట్టుకుని అయ్యవారి ఇంటికి వెళ్లాం. ఆయన కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని వరస వెంబడి వేలు జరుపుకుంటూ వచ్చి, యాభై మూడు దగ్గర ఆపారు. 

"ఆ పొద్దు కంప్యూటర్ నాకు కొత్త," అన్నారు. "హంసను గీస్తా గీస్తా ఒక గడి నింపడం మర్చిపోయినా. ఆ అట్టలతో మొదటి చీర నేసింది ఈయప్ప వాళ్ల నాయన. కంట్లో పోగు తప్పినావని నన్ను ఒక్క మాట అనలా. చేత్తో ఎత్తి నేసి, అడిగినోళ్లందరికీ అది అమ్మవారి పోగని చెప్పినాడు. నేను దిద్దుదామని లేచేతలికి మీరంతా దండం పెట్టుకుంటాండారు. ఇంగ నాకు నోరు రాలా."

ఇరవై రెండేళ్లు నేను మొక్కింది అయ్యవారు మరిచిపోయిన ఒక గడికి. మొదట నాకు తల కొట్టేసినట్టయింది. ఎంతమందికి గొప్పగా చెప్పి ఉంటాను! ఆ తర్వాత మా నాయన గుర్తొచ్చాడు. తోటి పనివాడి పరువు కోసం చీరకు నూరుసార్లు నాడె ఆపాడు, ఆ సంగతి ఇంట్లో మాకు కూడా చెప్పకుండా పోయాడు. అయ్యవారి అరుగు మీద అట్లాగే కూర్చుండిపోయాను. అంత గర్వం నాకు ఏ చీర నేసినప్పుడూ కలగలేదు. 

హేమావతి గ్రాఫు నా ముందు పరిచి మెల్లగా అడిగింది. "ఇప్పుడు ఆ రంధ్రం పెట్టమంటావా అన్నా? పెడితే నీకు నూరుసార్లు ఆగే పని తప్పుతాది."

"నా అట్టల్లో వద్దు," అన్నాను. "మా నాయన ఎత్తిన పోగు. నేనే ఎత్తుకుంటా. కడమ మగ్గాలోళ్లకు ఉన్నదున్నట్టు చెప్పి వాళ్లనే అడుగు."

అయ్యవారు అడ్డం చెప్పలేదు. ఆరో రోజూ ఏడో రోజూ హేమావతి చేత్తోనే అట్టలు పొడిచింది. ముసలాయన రాకముందు వాడిన ఇనుప పలకను బయటికి తీసి, తుప్పు గీకి, దాని మీద అట్ట బిగించి సుత్తితో ఒక్కో రంధ్రమే కొట్టింది. ఆ చప్పుడు వీధి చివరికి వినపడింది. మధ్యలో విశ్రాంతి అంటూ కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని అదే గ్రాఫును అందులోకి కూడా ఎక్కించింది. ఆమె విశ్రాంతి అట్లాంటిది. ఎనిమిదో రోజు పొద్దున నూట నలభై అట్టలూ దండగా కుట్టి నా జాకార్డుకు ఎక్కించాం.

నేను నేయడం మొదలుపెట్టేసరికి మగ్గం చుట్టూ పదిమంది చేరారు. ప్రెసిడెంట్ ఓబులేసు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కాళ్లు వచ్చాయి, పొట్ట వచ్చింది, రెక్క విచ్చుకుంది. యాభై మూడో అట్ట దగ్గర నాడె ఆపాను. ఏమనుకోవాలో ఒక్క క్షణం తోచలేదు. ఆఖరికి చౌడమ్మ తల్లి పేరూ మా నాయన పేరూ రెండూ అనుకుని పోగు ఎత్తాను. హంస కన్ను తెరిచింది. మెడ వంపు తిరిగింది. అది బాతు కాదు, పొరపాటున కూడా కాదు. అంజనమ్మ చీర పక్కన పెట్టి చూస్తే ఏది పాతదో ఏది కొత్తదో పట్టు మెరుపును బట్టి చెప్పాల్సిందే. మూడో మగ్గం తిప్పన్న మాటల్లో పొదుపరి, వాడు కూడా "మన పాప కొట్టిన అట్టలు" అన్నాడు. నా చీర రోజుకు అందుతుందని నాకప్పుడే తెలిసిపోయింది. అది నా మగ్గం మీదే జరిగినందుకు నేను కాస్త ఎగిరిపడ్డానని తర్వాత అంజనమ్మ అంది. పడ్డాను, ఎందుకు పడకూడదు?

అందరూ వెళ్లాక అయ్యవారు మాత్రం మగ్గం పక్కన పీట మీద కూర్చుని ఉన్నారు. హేమావతి వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఎనిమిది దినాలాయె అయ్యోరూ. కడమ డిజైన్లు గూడా ఇట్లనే ఎక్కించి, అట్టలు చేత్తోనే పొడవొచ్చు, రెండేండ్లు పట్టినా పట్టనీ. లేదంటే ముసిలాయన ఉన్నన్నాళ్లు ఆయన్తోనే నడపొచ్చు. ప్రెసిడెంటు రేపో మాపో అడుగుతాడు. ఉంచాల్నా, తీసెయ్యాల్నా? మీరింకా చెప్పలేదు."

అయ్యవారు కొత్త అంచు మీద వేలు ఆనించి, హంస మెడ వెంబడి మెల్లగా జరిపి, తోక దాకా వెళ్లి ఆపారు.

"ఇంగ నీ ఇష్టం పాపా," అన్నారు. "ఆ పొద్దు అడిగినప్పుడు నీకు ఇష్టమనేది యాడిది?"