లెన్సు కింద మనిషి

ఎలీషా గారికి వాదించడం రాదు. శిష్యుల్లో ఎవరైనా గట్టిగా ఏదైనా అడిగితే ఫ్లాస్కు మూత తీసి, రెండు స్టీలు గ్లాసుల్లో టీ పోసి, ఒకటి వాళ్ళ ముందుకు జరిపి, ఎప్పుడో జరిగిన ఒక సంగతి చెప్పేవారు. చెప్పాక, జవాబు దొరికిందా అని అడిగేవారు కాదు.

ఆయన ఒక తెలుగు న్యూస్ చానెల్లో చాలా ఏళ్ళు ఫ్లోర్ మేనేజరుగా పనిచేసి, రిటైరయ్యాక హైదరాబాదులో ఒక చిన్న శిక్షణ కేంద్రంలో మాకు పాఠాలు చెప్పారు. మేం పదకొండు మందిమి. ప్రతి శనివారం నమూనా బులెటిన్ ఒకటి చేయించి, చీటీలు తీసి పనులు పంచేవారు. ఒకరు వార్తలు చదవాలి. ఇద్దరు కెమెరాలు చూసుకోవాలి. ఒకరు మైకులు పెట్టి శబ్దం సరిచూడాలి. చదివేవాళ్ళ కళ్ళ ముందు అక్షరాలు కదిలే ప్రాంప్టరు దగ్గర ఒకరు. అద్దం గోడ అవతల కంట్రోల్ రూములో కూర్చుని, ఏ కెమెరా బొమ్మ ఎప్పుడు వెళ్ళాలో చెప్పే డైరెక్టరు ఒకరు. ఆ డైరెక్టరు మాటను చెవిలో విని, స్టూడియోలో ఉన్నవాళ్ళకు నోరు మెదపకుండా సైగలతో అందించేది ఫ్లోర్ మేనేజరు.

నంద్యాల నుంచి వచ్చిన మెహరున్నీసాది మా అందరిలోకీ మంచి గొంతు. వార్తలు చదవాలనే వచ్చింది. అలాంటిది వరుసగా మూడో శనివారం కూడా ఆమెకు ఫ్లోర్ మేనేజరు చీటీయే వచ్చింది. ఆ రోజు విసుగ్గా చేసింది. చదువుతున్న అమ్మాయి మధ్యలో లైను తప్పి బిక్కముఖం వేస్తే, మెహర్ పక్కనున్న టీవీలో బొమ్మ చూస్తూ నిలబడింది తప్ప ఆ అమ్మాయి వైపు చూడలేదు. నేను రెండో కెమెరా దగ్గర ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

బులెటిన్ అయ్యాక హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి ఆమె నేరుగా అడిగేసింది.

"సార్, కెమెరా పక్కన నిలబడి అయిదు, నాలుగు, మూడు అని వేళ్ళు చూపించాలి. లోపలివాళ్ళు చెప్పింది వీళ్ళకి చేరవెయ్యాలి. ఇది మనిషి చెయ్యాల్సిన పనేనా? ఓ లైటు పెడితే చాలదా? మా అమ్మీ ఫోన్ చేసి ఏం నేర్చుకున్నావు బేటీ అంటే నేనేం చెప్పను?"

వైర్లు చుడుతున్న మేమంతా ఆగిపోయాం. ఎలీషా గారు ఫ్లాస్కు మూత తీశారు.

ఆయన చెప్పింది ఇది.

ఆ చానెల్లో మధ్యాహ్నం ఒంటిగంట వార్తలు వకుళ గారు చదివేవారు. తడబడటం అంటే ఏమిటో ఎరగని మనిషని పేరు. ఎలీషా గారు రోజూ ఆవిడ చీర అంచుకి మైకు తగిలించి, వైరు వెనక నుంచి తీసి, గొంతు సరిచూసేవారు. గొంతు సరిచూడటానికి ఏదో ఒకటి మాట్లాడాలి కదా, ఆవిడ తన కూతురు కబుర్లు చెప్పేది. కూతురు లాస్య, మూడో తరగతి. అలా ఆ పాపను ఒక్కసారి కూడా చూడకుండానే ఆ పాప గురించి ఎలీషా గారికి అన్నీ తెలిసిపోయాయి. ఏ బడి, ఏ బస్సు, ఏ కూర పెడితే ముట్టదు, అన్నీ.

ఒక శనివారం మైకు పెడుతుండగా ఆవిడ అంది: "పొద్దున పన్ను ఊడిందండీ. బడికి పోనని ఒకటే ఏడుపు. ఒంటిపూటే కదా అని నేనే లాక్కెళ్ళి బస్సెక్కించాను."

బులెటిన్ మొదలైంది. ఎనిమిది నిమిషాలు సాఫీగా నడిచింది. ఆవిడ మిర్చి యార్డు వార్త చదువుతోంది. అప్పుడు ఎలీషా గారి చెవిలో డైరెక్టరు ప్రభంజన్ గొంతు వినిపించింది. ఆ మాట వకుళ గారి చెవికి పోదు. ఆవిడతో మాట్లాడాలంటే డైరెక్టరు వేరే మీట నొక్కాలి.

"బ్రేకింగ్ వస్తోంది. స్కూలు బస్సు బోల్తా. ప్రాంప్టర్లో ఎక్కిస్తున్నారు. ఇది అవగానే అదే."

వెనకాల ఎవరో రాసింది పైకి చదువుతున్నారు. బడి పేరు వినిపించింది. ఏ దారిలో వచ్చే బస్సో, ఎంతమంది పిల్లలో, ఎందరికి దెబ్బలో కూడా వినిపించింది.

ఎలీషా గారు వకుళ గారి వైపు చూశారు. మిర్చి ధర గురించి చెబుతూ ఆవిడ చిన్నగా నవ్వుతోంది. ఆ వార్త ముగియడానికి ఇంకా అర నిమిషం ఉంది.

"సార్, ఆ బ్రేకింగ్ ఒక్క నిమిషం ఆపండి" అన్నారాయన, హెడ్‌సెట్ మైకులో గుసగుసగా.

"ఆపడమేంటి? పక్క చానెల్ వేసేసింది."

"వకుళ గారి పాప ఆ బస్సులోనే వస్తుంది."

ప్రభంజన్ చెడ్డవాడు కాదు. కాకపోతే గడియారం కింద కూర్చున్న మనిషి.

"అయితే చెప్పకు. నాలుగు లైన్లే కదా. చదివించేసి తర్వాత చెబుదాం."

"రెండో లైన్లో బడి పేరుంది సార్. ఎలాగూ తెలుస్తుంది. ఆ మాట ఆవిడకి ప్రాంప్టరు చెప్పాలా, మనిషి చెప్పాలా?"

ప్రభంజన్ ఒక తిట్టు తిట్టాడు. తర్వాత, "మిర్చి యార్డు రిపోర్టు వదులుతున్నా. నిమిషం నలభై సెకన్లుంది. ఆ తర్వాత నాకు బొమ్మ కావాలి, కుర్చీలో ఎవరున్నా సరే" అన్నాడు.

కెమెరా మీద ఎర్రలైటు ఆరింది. తెర మీద మిర్చి బస్తాలు కదులుతున్నాయి. ఎలీషా గారు బల్ల దగ్గరికి పోయి వకుళ గారి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఏం చెప్పాలో దారిలో ఆలోచించుకోవడానికి వ్యవధి లేదు. స్టూడియో అంతా కలిపి పది అడుగులు.

"అమ్మా, లాస్య వాళ్ళ బడి బస్సు ఒకటి చెరువు కట్ట దగ్గర పక్కకి ఒరిగింది. మన రిపోర్టరు అక్కడే ఉన్నాడు. పిల్లలందరినీ బయటికి తీశారట. ఏడుగురికి దెబ్బలు. ప్రాణాలకి భయం లేదని డాక్టరు అన్నాడట. లాస్య అందులో ఉందో లేదో, ఎలా ఉందో నాకు తెలీదు. తెలిసినట్టు చెప్పను."

ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. ఏడవలేదు. "బస్సులో మొత్తం ఎంతమంది?" అంది.

"నలభై ఒక్క మంది."

"రిపోర్టరు తనే లెక్కపెట్టాడా, ఎవరైనా చెప్పారా?"

ఎలీషా గారు అదే ప్రశ్న హెడ్‌సెట్‌లో ప్రభంజన్‌ని అడిగారు. జవాబు వచ్చింది. "తనే లెక్కపెట్టాడు. రెండుసార్లు."

ఆవిడ లేచింది. మైకు వైరు చీరని లాగింది. "నేను వెళ్ళాలి."

"వెళ్ళండి. కారు కిందే ఉంది. తర్వాతి వార్తల కోసం మేకప్ రూములో సుధీర కూర్చుని ఉంది, నేను పిలిస్తే వచ్చి చదువుతుంది. మీరు ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు."

మైకు పిన్ను విప్పడానికి ఆయన చెయ్యి చాచారు. అప్పుడు ఆవిడ కన్ను ప్రాంప్టరు మీద పడింది. మొదటి లైను అక్కడ సిద్ధంగా నిలబడి ఉంది: నగర శివార్లలో ఘోర ప్రమాదం.

ఆవిడ ఆ లైను వైపే చూస్తూ ఉండిపోయింది. చూసి, కూర్చుంది.

"ఎలీషా గారూ, ఇది ఇప్పుడు ఎంతమంది తల్లులు వింటారు?"

ఆయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నాకు మీరు చెప్పినట్టు వాళ్ళకి ఎవరు చెబుతారు? మొదటి లైను తీసెయ్యమనండి. పిల్లలు ప్రాణాలతో ఉన్నారన్నది ముందు రావాలి. ఇది చదివి వెళ్తాను."

ప్రాంప్టరు దగ్గరి అమ్మాయి లైనును మార్చేసరికి ఇరవై సెకన్లు మిగిలాయి. ఎలీషా గారు ఎప్పుడూ కెమెరా పక్కన నిలబడేవారు. ఆ వేళ వెళ్ళి సరిగ్గా లెన్సు కింద నేల మీద కూర్చున్నారు, ఆవిడ చూపు ఏమాత్రం దించినా తానే కనిపించేలా.

ఎర్రలైటు వెలిగింది.

"బస్సులో ఉన్న నలభై ఒక్క మంది పిల్లలూ ప్రాణాలతో బయటపడ్డారు" అని ఆవిడ మొదలుపెట్టింది. గొంతు మామూలుగానే ఉంది. ఏడుగురికి దెబ్బలు తగిలాయని, ఏ ఆసుపత్రికి తీసుకెళ్ళారో చెప్పింది. తర్వాత బడి పేరు దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

లైవ్‌లో రెండు సెకన్ల నిశ్శబ్దం చాలా పెద్దది. చెవిలో ప్రభంజన్ అరుస్తున్నాడు: "కదలమను! కదలమను!" తొందరపెట్టడానికి ఒక సైగ ఉంది, గాలిలో చెయ్యి గుండ్రంగా తిప్పడం. ఎలీషా గారు అది చెయ్యలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆవిడనే చూస్తూ నెమ్మదిగా తలూపారు, చంటిపిల్ల మొదటి అడుగు వేస్తుంటే తలూపినట్టు.

ఆవిడ బడి పేరు చదివింది. తల్లిదండ్రులు ఫోన్ చెయ్యాల్సిన నంబరు రెండుసార్లు చదివింది. లైను రిపోర్టరుకి కలిపారు.

ఆవిడ లేచింది. మైకు ఆయనే విప్పారు. మెట్ల దాకా వెంట వెళ్ళి కారెక్కించి, వెనక్కి వచ్చి, సుధీరకి మైకు పెట్టి మిగిలిన బులెటిన్ నడిపించారు. మిగిలింది తొమ్మిది నిమిషాలు. అంత పొడుగు తొమ్మిది నిమిషాలు తన సర్వీసులో ఇంకెప్పుడూ లేవన్నారు మాతో.

లాస్యకి ముంజేయి విరిగింది. ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని, పక్కపిల్ల బిస్కెట్ పొట్లంలో సగం తినేసి, అమ్మని చూడగానే అప్పుడు ఏడుపు మొదలుపెట్టిందట. ఆరు వారాల తర్వాత కట్టు విప్పించుకుని నేరుగా స్టూడియోకి వచ్చింది. ఎలీషా గారిని ఎగాదిగా చూసి, "మీరేనా మా అమ్మకి వేళ్ళు చూపించే అంకుల్?" అని అడిగింది. "నేనేనమ్మా" అని ఆయన తన హెడ్‌సెట్ ఆ పిల్ల నెత్తిన పెట్టారు. అది మెడ దాకా జారిపోయింది.

బ్రేకింగ్ వార్త నిమిషం నలభై సెకన్లు ఆలస్యం చేసినందుకు ఎలీషా గారికి మెమో వచ్చింది. సంతకం ప్రభంజన్‌ది. సంజాయిషీ రాయడానికి కూర్చుంటే ఏం రాయాలో తెలియక, జరిగింది జరిగినట్టు ఆరు లైన్లు రాసి ఇచ్చారట. దానికి జవాబు రాలేదు. ప్రభంజన్ నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు క్యాంటీన్లో వచ్చి ఎదురుగా కూర్చుని, తన ప్లేటులోని వడ ఒకటి ఈయన ప్లేటులో వేసి, మిగిలింది తాను తినేసి వెళ్ళిపోయాడు.

ఇంతవరకు చెప్పి ఎలీషా గారు టీ తాగారు. మెహర్ గ్లాసులో టీ చల్లారిపోయింది. ముట్టలేదు. లైను తప్పిన అమ్మాయి గది మూలలో పుస్తకాలు సర్దుకుంటోంది. మెహర్ ఒకసారి ఆమె వైపు చూసి, మళ్ళీ సారు వైపు తిరిగింది.

"కానీ సార్, పక్క చానెల్ ముందు వేసేసింది కదా."

"వేసింది" అన్నారాయన.

"పైగా ఎంత ప్రమాదం! లైవ్‌లో, రాష్ట్రమంతా చూస్తుండగా ఆవిడ భోరుమని ఏడ్చేసి ఉంటే?"

ఎలీషా గారు ఆమె చేతిలోంచి చల్లారిన గ్లాసు తీసుకుని, ఆ టీ పారబోసి, ఫ్లాస్కులో మిగిలినదంతా అందులోకి వంచారు.

"ఏడిస్తే ఏడ్చేదమ్మా" అన్నారు. "నేను అక్కడే ఉన్నానుగా."