దారి చెప్పిన గవిరన్న

కొండలకు ఇంకా పేర్లు పెట్టని రోజుల్లో, ఎన్నేళ్ల కిందటంటే ఎవరూ చెప్పలేని రోజుల్లో, నెమలికోట అని ఒక చిన్న కోట ఉండేది. ఆ కోట కింద నలభై ఊళ్లు. ఆ నలభై ఊళ్లకూ ఒక్కటే ఏరు, గోరింటేరు. ఆ కోటకు ఒక పల్లకీ. ఆ పల్లకీకి ఎనిమిదిమంది బోయీలు. ఆ ఎనిమిదిమందిలో ముందు నడిచేవాడు గవిరన్న.

చూడబోతే మనిషిలో ఏమీ లేదు. బక్కపలచన, బోడితల, మీసం కూడా సరిగ్గా మొలవలేదు. ఉన్నదల్లా గొంతు. పల్లకీ మోసేవాళ్లలో ముందువాడికే దారి కనిపిస్తుంది. వెనకవాళ్లకు ముందువాడి వీపు కనిపిస్తుంది. లోపల కూర్చున్నవాళ్లకు తెర కనిపిస్తుంది. అందుకని ముందువాడు దారి చెప్పాలి. "ముల్లుంది" అనేవాడు గవిరన్న. "ముల్లుంది" అని వెనకవాళ్లు బదులిచ్చి కాలు పక్కకు వేసేవాళ్లు. "గుంటుంది" అంటే "గుంటుంది". "జారుడుంది" అంటే "జారుడుంది". ముప్పై ఏళ్లు అలా మోశాడు. కోటనేలే ముసలిదొర ఒక్కసారీ కింద పడలేదు.

ముసలిదొర పోయాడు. కూతురు జగ్గాయమ్మ దొరసాని అయింది. మంచిదే, తెలివైనదే, కానీ కాలు నిలవని మనిషి. అన్నం ముందు కూర్చుంటే నాలుగు ముద్దలకే లేచేది. ఎవరైనా మాట మొదలుపెడితే చివర తానే చెప్పేసేది. పల్లకీలో కూర్చున్నా అంతే, ఇటు జరిగేది, అటు జరిగేది, తెర తీసేది, వేసేది. పైగా పొద్దస్తమానం చెవిలో ఆ ముల్లు, ఆ గుంట, ఆ జారుడు. వినీ వినీ ఆమెకు ఒళ్లు మండింది. ఆమె మొహం చూసి మాట్లాడే దివాను ఒకడుండేవాడు. ఏలినవారు బయల్దేరితే ముందు వినిపించేవి ఇలాంటి అపశకునపు మాటలా అన్నాడు. అంతే, గవిరన్నను ఇంటికి పొమ్మన్నారు.

ఇంటికైతే వచ్చాడు గానీ కాళ్లు రాలేదు. పొద్దున్నే లేచి పెరట్లో నడిచేవాడు. నడుస్తూ "ముల్లుంది" అనేవాడు. అక్కడ ముల్లూ లేదు, పాడూ లేదు. కూర్చుంటే పాదాలు వాటంతటవే ఆడేవి. "నువ్వు తిరిగి తిరిగి నా గుమ్మం ముందర గుంట సేసీసినావు" అని పెళ్లాం సోములమ్మ గొణిగేది. ఆ గుంటను కూడా వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేవాడు.

ఇంతలో పడమటి దొర కబురు పంపాడు. ముసలాయన పోయాడు కదా, ఏరు ఎవరిదో తేల్చుకుందాం, సరిహద్దు రాయి దగ్గరికి రమ్మన్నాడు. మూడు సోమవారాలు చూస్తానన్నాడు. మూడో సోమవారం పొద్దుగుంకేలోగా రాకపోతే ఏరు తనదేనన్నాడు. ఏరు పోతే నలభై ఊళ్ల పొలాలూ బీళ్లే. దొరసాని గుర్రమెక్కి వెళ్లొచ్చు కదా అంటారేమో. ఆ కొండల్లో ఒక కట్టుబాటుంది. ఏలేవాళ్లు సరిహద్దు రాయి దగ్గరికి మనుషుల భుజాల మీదే రావాలి. తనను మోసే మనుషులు లేనివాడు ఏలికే కాదని వాళ్ల లెక్క.

మొదటి సోమవారం వచ్చింది. దివాను ఎనిమిదిమందిని ఏరి తెచ్చాడు. ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకే తీరు మీసం. చూడటానికి పెళ్లిపందిరి గుంజల్లా ఉన్నారు. ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. రాళ్లవాగు దాకా బాగానే వెళ్లారు. వాగులో ముందువాడికి గుంట కనిపించింది. దాన్ని దాటి తన దారిన తాను నడిచాడు. చెప్పాలని ఎవరూ చెప్పలేదు మరి. వెనకవాడు అందులో పడ్డాడు. పల్లకీ బొంగు విరిగింది. మొదటి సోమవారం అలా పోయింది.

గవిరన్నకు ఆ వారమంతా ముద్ద దిగలేదు. వాగు దగ్గర ఏమయిందో అడిగినవాళ్లనే మళ్లీ మళ్లీ అడిగాడు. తన భుజం తానే తడుముకున్నాడు.

రెండో సోమవారం వచ్చింది. ఈసారి దివాను గొంతు బాగున్నవాళ్లను తెచ్చాడు. ఏం పలకాలో కూడా తానే నేర్పాడు. "పూలదారి" అన్నాడు ముందువాడు. "పూలదారి" అన్నారు వెనకవాళ్లు. పట్టుదారి అన్నారు, పాలదారి అన్నారు. తెర వెనక దొరసానికి ఆ పూట ప్రాణం హాయిగా ఉంది. గవిరన్న ఉండబట్టలేక దూరంగా వెంటపడ్డాడు. ఎర్రమట్టి ఏటవాలు దగ్గర "పట్టుదారి" అన్న మాట నోట్లో ఉండగానే ఎనిమిదిమందీ జారారు. ఒకడికి కాలు విరిగింది. దొరసానికి నుదురు చిట్లింది. రెండో సోమవారం అలా పోయింది.

గవిరన్న పరుగున వెళ్లి, తలగుడ్డ చించి కాలు విరిగినవాడికి కట్టు కట్టాడు. దొరసాని మట్టిలో కూర్చుని అతన్నే చూస్తోంది.

"ఆ జారుడు నీకు ముందే కనిపించిందా?" అని అడిగింది.

"కనబడిందమ్మా."

"మరి అరవలేదేం?"

"అరిసినాను. పట్టుదారని అంతమంది పాడతంటే నా గొంతు ఎవులికి ఇనబడతాది?"

దొరసాని చాలాసేపు ఆ మట్టిలోనే కూర్చుంది. ఆమె అంతసేపు కదలకుండా కూర్చోవడం ఎవరూ చూసి ఎరగరు. వచ్చే సోమవారం నువ్వే ముందు నడవాలని చెప్పింది. నడుస్తాను గానీ మిగతా ఏడుగురినీ నేనే చూసుకుంటానన్నాడు గవిరన్న. దివాను ఏదో అనబోయాడు. దొరసాని చేత్తోనే ఆపింది.

గవిరన్న బోయీలపేటలో గుమ్మం గుమ్మం ఎక్కాడు. ఎత్తు చూడలేదు, మీసం చూడలేదు, గొంతు చూడలేదు. ఒక్కటే అడిగాడు: "నా నడకలో తప్పేటి?" నీ నడకలో తప్పేంటి, బంగారం లాంటి నడక అన్నవాళ్లకు దండం పెట్టి బయటికొచ్చాడు. తప్పు చెప్పినవాళ్లను రమ్మన్నాడు. దిగుడులో తొందరపడతావని ఒంటికన్ను మనిషి అన్నాడు. నీ గొంతు ఎదురుగాలికి వెనక్కి రాదు, తల తిప్పి చెప్పాలని ఒక తాత అన్నాడు. అలా ఆరుగురు దొరికారు.

ఏడో మనిషి కోసం పైడయ్య గుమ్మంలో నిలబడ్డాడు. కోడిపుంజు తగవు వచ్చి మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

"నా నడకలో తప్పేటి?"

పైడయ్య అతని మొహం చూడకుండానే చెప్పాడు. "నీ కుడి భుజం అయిపోనాది గవిరన్నా. ఏడాదై నువ్వు ఎడం పక్కకి ఒరుగుతన్నావు. ఎవులికీ సెప్పట్నేదు."

సోములమ్మకు కూడా తెలియని సంగతి అది. "నా ఎనకాలే నువ్వుండు" అన్నాడు గవిరన్న.

మూడో సోమవారం వచ్చింది. ఎనిమిదిమందీ ఎనిమిది తీర్లు. చూసినవాళ్లు నవ్వారు, దివాను మరీ నవ్వాడు. దొరసాని పల్లకీ ఎక్కబోతూ ఆగింది.

"ఇంతమందినీ అడిగావు. నాలో తప్పేమిటో చెప్పలేదేం?"

గవిరన్న చేతులు కట్టుకున్నాడు. "తవరు కుదురుగా కూకోరమ్మా. తవరు కదిల్తే మా ఎనిమిదిమంది కాళ్లూ కదుల్తాయి."

దొరసాని మొహం ఎర్రబడింది. ఎక్కి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని బిగించింది.

వాన మొదలైంది. "ముల్లుంది" అన్నాడు గవిరన్న. "ముల్లుంది" అన్నారు ఏడుగురు. రాళ్లవాగు దగ్గర "గుంటుంది" అన్నాడు. వాగు దాటారు. ఎర్రమట్టి దగ్గర "జారుడుంది" అన్నాడు. ఏటవాలు దిగారు. పొద్దు వాలుతోంది, కాళ్లు వడివడిగా పడుతున్నాయి, లోపల దొరసానికి ఎగిరి దూకాలని ఉంది. అయినా కదల్లేదు.

ఆఖరి ఎక్కుడు మిగిలింది. ఎడమ పక్క లోయ. సగం ఎక్కేసరికి గవిరన్న కుడి భుజంలో నిప్పు రాజుకుంది. ఆ నిప్పు గుండెలోకి దిగింది. పళ్లు బిగించి పోవచ్చు. ముప్పై ఏళ్ల పేరు నిలబెట్టుకోవచ్చు. ఇంకో వంద అడుగులే కదా అని మనసు చెప్పింది. నోరు తెరవడానికి సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే మూడడుగులు వేశాడు. మూడో అడుగుకు పల్లకీ ఎడమకు, లోయ వైపుకు ఒరిగింది. అప్పుడు తల తిప్పి, వెనక చివరివాడికి కూడా వినపడేలా చెప్పాడు.

"నా భుజం పోతంది."

"నీ భుజం పోతంది" అన్నారు వెనకవాళ్లు, దారి చెప్పినప్పుడు బదులిచ్చినట్టే. ఒక్కడూ అడుగు తడబడలేదు. ఎప్పుడు చెబుతాడా అని కాచుకున్న పైడయ్య ముందుకొచ్చి బొంగు కింద భుజం పెట్టాడు. గవిరన్న పక్కకు తప్పుకుని ఒక రాతి మీద కూలబడ్డాడు.

ఆపమని తెర వెనక నుంచి దొరసాని కేకేసింది. "ఆపకండి" అన్నాడు గవిరన్న. పల్లకీ సాగిపోయింది.

అతను వింటూ కూర్చున్నాడు. "ముల్లుంది" అంటున్నాడు పైడయ్య. "ముల్లుంది" అంటున్నారు వెనకవాళ్లు. ఆ మలుపులో రాయి ఉండాలే, చెబుతాడా లేదా అని గవిరన్న ఊపిరి బిగబట్టాడు. "రాయుంది" అని కొండమీంచి వినిపించింది. గవిరన్న ఊపిరి వదిలాడు. అన్ని రోజులుగా ఆడుతూనే ఉన్న అతని పాదాలు అప్పుడు ఆగాయి.

పొద్దు ఇంకా జానెడుండగా దొరసాని సరిహద్దు రాయి దగ్గర పల్లకీలోంచి వచ్చానని పలికింది. ఏరు నలభై ఊళ్లదే అయింది. తిరుగుదారిలో ఆ రాతి దగ్గర ఆమె పల్లకీ దిగింది. భుజం కదపలేక కూర్చున్న గవిరన్నను అందులో పడుకోబెట్టారు. బరువు మోసినవాణ్ణి పల్లకీలో ఊరేగించడం ఆ కోటలో అదే మొదటిసారి. పల్లకీ ముందు నేలమీద నడిచింది జగ్గాయమ్మ. ముల్లు, గుంట, జారుడు అన్నీ తానే చెప్పింది. సోములమ్మ గుమ్మం ముందరి గుంట కూడా చెప్పింది.

అందుకే ఇప్పటికీ ఆ నలభై ఊళ్లలో పెద్దరికం పుచ్చుకోబోయే మనిషి ముందుగా ఏడు గడపలు ఎక్కుతాడు. నాలో తప్పేంటని అడుగుతాడు. తప్పు చెప్పిన వాళ్లనే పక్కన పెట్టుకుంటాడు. ఏడుగురు దొరక్కపోతే వాడికి పెద్దరికం లేదు. ఆ కొండదారిలో ఎదురుపడ్డవాళ్లు క్షేమం అడగరు, వెనక దాటొచ్చిన ముల్లూ రాయీ చెప్పి పోతారు. ఇంటిదూలం ఎత్తేటప్పుడైనా, శవం మోసేటప్పుడైనా ఎవరైనా "నా భుజం పోతంది" అంటే అక్కడ ఎవరూ నవ్వరు. ఇంకొకరు వచ్చి భుజం పెడతారు.