ఏ ‘ఆఁ’?

హైమవతి శిక్షణ పుస్తకంలో నూట పన్నెండు గళ్ళున్నాయి. నూట పదకొండింట్లో సంతకాలు పడ్డాయి. మిగిలిన ఒక్క గడి ముందు ‘మాట తిరిగి చెప్పుట’ అని రాసి ఉంది. అందులో సంతకం పడితేనే శనివారం ఇంటర్వ్యూ బోర్డు ముందుకు వెళ్ళగలదు. బోర్డు సరేనంటేనే లైసెన్సు. లేకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి.

ఆ సంతకం పెట్టాల్సింది షిఫ్ట్ ఇన్‌ఛార్జి జమాలుద్దీన్ గారు. మూడు నెలలుగా పెట్టడం లేదు.

సముద్రపు ఒడ్డునున్న ఆ అణు విద్యుత్ కేంద్రంలో ఒక నియమం ఉంది. ఫోన్లో ఎవరైనా పని చెబితే, విన్నవాళ్ళు ఆ మాటను పూర్తిగా తిరిగి చెప్పాలి. చెప్పినవాళ్ళు ‘అవును, అదే’ అనాలి. అప్పుడే మీట ముట్టుకోవాలి. హైమవతికి ఇది ఎల్‌కేజీ పిల్లల చేత పద్యం చెప్పించినట్టు అనిపించేది. యూనివర్సిటీ ఫస్టు, కేంద్రంలోని గొట్టాలన్నీ కళ్ళు మూసుకుని బొమ్మ గీయగలదు. అలాంటి తనను చిలకపలుకులు పలకమంటే ఒళ్ళు మండేది. ఎవరేం చెప్పినా “ఆఁ” అని పనిలోకి దిగిపోయేది. పని ఏనాడూ తప్పలేదు కూడా.

బుధవారం సాయంత్రం పుస్తకం పట్టుకుని సరాసరి ఆయన గదికి వెళ్ళింది. జమాలుద్దీన్ గారు ఫ్లాస్కులోంచి టీ వంచుతున్నారు.

“నాలో ఏం తక్కువైంది సార్? ఇవాళ చెప్పాల్సిందే.”

“పంచదార వేయనా?” అన్నారాయన.

“ఆఁ?” అంది హైమవతి. తనేదో అడుగుతుంటే ఈయనేదో అంటున్నారు.

ఆయన రెండు చెంచాలు వేసి, కలిపి, కప్పు ఆమె ముందుకు జరిపారు.

“నేను పంచదార వేసుకోను సార్! మీకు తెలుసు కదా!”

“ఆఁ అన్నావుగా.”

“ఏంటీ అని అడిగాను!”

“అలాగా. నాకు ‘వెయ్యండి’ అని వినిపించింది తల్లీ.”

హైమవతికి ఆయన ఎటు తీసుకెళ్తున్నారో అర్థమైంది. అర్థమయ్యాక కోపం రెట్టింపయింది. టీ కప్పుకీ రియాక్టరుకీ పోలికా? మూడు నెలలు సంతకం ఆపి చివరికి చూపించిందిదా? పంతం కొద్దీ ఆ టీ మొత్తం గటగటా తాగేసి, కప్పు ఠక్కున బల్ల మీద పెట్టి, పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చేసింది. ఇంటికెళ్ళేదాకా నాలుక మీద ఆ తీపి వదల్లేదు.

మర్నాడు కేంద్రాన్ని తిరిగి నడిపించే రోజు. మరమ్మతుల కోసం నెలరోజులు ఆపారు. ‘కరెంటెప్పుడిస్తారు’ అంటూ పొద్దుటి నుంచీ పైనుంచి ఫోన్లు. సూపరింటెండెంటు చక్రపాణి గారు కంట్రోల్ రూములో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతున్నారు. శిక్షణలో ఉన్నవాళ్ళు, లైసెన్సున్న మనిషి వెనక నిలబడి ఉంటే, మీట నొక్కవచ్చు. అందుకని ఆయనే హైమవతి వెనక నిలబడ్డారు.

జమాలుద్దీన్ గారు కింద పంపుల షెడ్డులో ఉన్నారు. సముద్రపు నీరు తోడే పంపులు ఎనిమిది. ఫోన్ మోగింది. అవతల హోరు.

“హైమా, ...డో పంపు స్టార్ట్ చెయ్యి.”

పొద్దున్నే ఏడో పంపు మరమ్మతు అయిపోయిందని కాగితం వచ్చింది. ఆ ఏడే ఆమె మనసులో ఉంది. చెయ్యి దానంతటదే ఏడో మీట మీదికి వెళ్ళింది. అయినా ఎందుకో నోరు తెరిచింది.

“ఏడో పంపు స్టార్ట్ చేయమంటున్నారు. అంతేనా సార్?”

“ఆఁ” అని వినిపించింది హోరులో.

“ఆఁ అన్నాడుగా, నొక్కు” అన్నారు, వెనక నుంచి వింటున్న చక్రపాణి గారు.

నాలుక మీద నిన్నటి తీపి మళ్ళీ తగిలింది. హైమవతి మీట మీంచి చెయ్యి తీసేసింది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

“ఏ ఆఁ అన్నారో తెలియలేదు సార్.”

“ఏ ఆఁ ఏంటమ్మా? ఆఁ అంటే ఆఁ! అవతల పైవాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు.”

“నేను నొక్కను సార్.”

“శనివారం బోర్డులో కూర్చునేది నేనే. గుర్తుందా?”

ఆమెకు బాగా గుర్తుంది. అమ్మకు చెప్పిన తేదీ, కొనుక్కున్న చీరతో సహా గుర్తున్నాయి. “గుర్తుంది సార్” అని, చేతులు కట్టుకునే ఉండి, ఫోన్లోకి గట్టిగా అరిచింది.

“జమాల్ సార్, మీ ఆఁ నాకొద్దు! నంబరు చెప్పండి! నంబరు చెప్పేదాకా నేను ఏదీ ముట్టుకోను!”

గదిలో అందరూ తల తిప్పి చూశారు. ఇన్‌ఛార్జిని అలా కసిరినవాళ్ళు ఆ కేంద్రంలో అంతవరకూ లేరు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు. చక్రపాణి గారు మొహం ఎర్రగా చేసుకుని గడియారం చూశారు. నాలుగు నిమిషాలు గడిచాయి. ఆమె కదల్లేదు.

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి హోరు లేదు, షెడ్డు బయటికొచ్చి చేసినట్టున్నారు.

“మూడు. ఒకటి, రెండు, మూడు. మూడో పంపు.”

“మూడో పంపు స్టార్ట్ చేయమంటున్నారు. ఒకటి, రెండు, మూడు.”

“అవును, అదే.”

ఆమె మూడో మీట నొక్కింది.

పది నిమిషాల తర్వాత మెకానిక్ అప్పన్న మెట్లెక్కి వచ్చాడు. మోచేతుల దాకా గ్రీజు.

“ఏడో పంపు మూత ఇప్పుడే బిగించీశాను మేడమ్. కాగితమిచ్చీసినాక సూస్తే పానా లోపలే ఉండిపోనాది. సెయ్యెట్టి తీస్తే గానీ రానేదు. ఇంక ఏసుకోవచ్చు” అంటూ సంతకం కోసం కాగితం చాపాడు.

హైమవతి కాగితం వైపు చూడలేదు. దాన్ని పట్టుకున్న వేళ్ళ వైపు చూసింది. పదీ ఉన్నాయి. చక్రపాణి గారు కూడా వాటినే చూశారు. ఆమె పక్కనున్న కుర్చీ లాక్కుని కూలబడ్డారు. ఫోన్ మోగుతున్నా ఎత్తలేదు.

షిఫ్టు దిగే వేళకు జమాలుద్దీన్ గారు పైకొచ్చారు. పుస్తకం ఇమ్మని చెయ్యి చాపారు. నూట పన్నెండో గడిలో సంతకం పెట్టి, కలం మూత బిగించి, తిరిగి ఇచ్చారు.

హైమవతి ఊరుకోలేకపోయింది.

“సార్, ఒక్కటి చెప్పండి. పొద్దున ఫోన్లో మీరన్నది ఏ ఆఁ?”

జమాలుద్దీన్ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఆమె వైపు కాస్త వంగారు.

“ఆఁ?”