ముంచిన పడవ

భద్రానికి కుదురు లేదు. జపానికి కూర్చుంటే చెయ్యి మాల మీద, చెవి గోదారి మీద ఉండేది.

ఏటి ఒడ్డున చిన్న మఠం. అందులో వెంకాయమ్మ గారని ఒక పెద్దావిడ ఉండేది. అందరూ అమ్మ అనేవారు. భద్రం ఆవిడ శిష్యుడు.

పాయకి అవతల లంక. ఆ లంకలో భద్రం చెల్లెలు మంగతాయారు నిండు నెలలతో ఉంది. ఎండాకాలం పాయలో మోకాళ్ళలోతు నీళ్ళే, నడిచి దాటేస్తారు. కానీ మూఢం వెళ్ళేదాకా కోడల్ని గడప దాటనివ్వనని అత్తగారు పట్టుబట్టింది. ఈలోపు వరద ఎర్రనీరు దిగిందా, ఇక ఇవతలి ఆసుపత్రికి దారి లేదు. లంకకి తిరిగే పడవ నిరుటి వరదకే కొట్టుకుపోయింది.

అందుకని భద్రం పాడిగేదెనిచ్చి ఒక పాత చెక్కపడవ తీసుకున్నాడు. ఎవరిదో కొబ్బరితోటలో రెండు వేసవులు బోర్లించి ఉన్న పడవ. టేకు చెక్క మంచిదే. బండి మీద వేసుకుని తెచ్చి నీళ్ళలో దింపాడు. దింపగానే ప్రతి సందులోంచీ నీళ్ళు చిమ్మాయి.

ఒడ్డుకి లాగి ఎండలో పెట్టాడు. సందుల్లో కొబ్బరి పీచు కూరాడు. నూనెలో గుగ్గిలం కాచి పూశాడు. మళ్ళీ దింపితే ఇంకోచోట కారింది. మళ్ళీ లాగాడు, మళ్ళీ ఎండబెట్టాడు. రోజూ అదే పని.

రేవులో బట్టలుతికే ఆడవాళ్ళకి మంచి కాలక్షేపం అయింది.

"ఏం భద్రం, పడవ కొన్నావా, జల్లెడ కొన్నావా?"

"అలా అనకే. గేదె పాలిచ్చేది, ఇది నీళ్ళిస్తోంది. ఏదో ఒకటి ఇస్తోంది కదా!"

ఒక సాయంత్రం భద్రం వచ్చి అమ్మ ముందు కూలబడ్డాడు.

"నావల్ల కాదమ్మా. కళ్ళు మూసుకుంటే మనసు నిలవట్లేదండి. ఒక ఆలోచన మూస్తే ఇంకోటి వస్తోంది. ఆ పడవా అంతే, నా బుర్రా అంతే."

అమ్మ పక్కనున్న చెంబు తీసుకుంది. "పద, నీ పడవ చూద్దాం."

లోతులేని చోట పడవ దింపించి, ఎక్కి కూర్చుంది. అడుగున నీళ్ళు ఊరుతున్నాయి. భద్రం రేకుడబ్బాతో గబగబా తోడి బయటికి పోస్తున్నాడు. అమ్మ చెంబుతో ఏటి నీళ్ళు ముంచి పడవలోకి పోస్తోంది.

"అమ్మా! అదేంటండీ?"

"నీ పని నువ్వు చేసుకో. నా పని నేను చేసుకుంటున్నా."

అతని డబ్బా పెద్దది, ఆవిడ చెంబు చిన్నది. అయినా పడవ ఆవిడ పక్షమే. భద్రం చేతులు పడిపోయాయి. పడవ నిండింది. అమ్మ అందులో నాలుగు రాళ్ళు కూడా వేయించింది. అది మెల్లిగా అడుక్కి దిగి కూర్చుంది. అమ్మ ఒడ్డుకొచ్చి చీర చెంగు పిండుకుంది.

"ముంచేశారా! ఎర్రనీరు ఇవాళో రేపో అంటున్నారు. మంగకేమైనా అయితే?" అన్నాడు భద్రం.

"చెక్కకి దాహంరా. తాగేలోపే లాక్కెళ్ళి ఎండలో పెడుతున్నావు. ఉండనీ."

ఉండనిచ్చాడా? అన్నం సయించలేదు. ఒడ్డు పొడుగునా తిరిగాడు. ఎగువన మబ్బు చూసినప్పుడల్లా నీళ్ళలోకి దిగి, చేత్తో సందులు తడిమి వచ్చేవాడు.

"అన్నం కుండ మూత ఎన్నిసార్లు తీస్తావు?" అంది అమ్మ అరుగు మీంచి. "అది ఉడకాలా, వద్దా?"

భద్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాళ్ళు మాత్రం ఒడ్డు వదల్లేదు.

తర్వాత ఒకరోజు పొద్దున్నే ఏరు రంగు మారింది. లంక ఒడ్డున మంగ మొగుడు తువ్వాలు ఊపుతూ అరుస్తున్నాడు.

"బావా! నొప్పులొస్తున్నాయి! పడవ తే!"

భద్రం రాళ్ళు తీసి పారేశాడు. తోడాడు. చెక్క నాని ఉబ్బి సందులు పూడుకున్నాయి, ఈసారి తోడిన నీళ్ళు తిరిగి రాలేదు. పడవ లేచి తేలింది.

లంక ఒడ్డుకి చేరేసరికి అందరికంటే ముందు అత్తగారే ఎక్కి కూర్చుని, కోడలికి చెయ్యందించింది.

"మూఢం వెళ్ళిందా అత్తయ్యా?" అన్నాడు భద్రం.

"మూఢం లేదు, గీఢం లేదు. తొయ్యి నాయనా, తొయ్యి!"

నడి ఏట్లో కాలికి చల్లగా తగిలింది. ఒక సందులోంచి సన్నగా నీళ్ళు. భద్రం చెయ్యి గడ వదిలి అలవాటుగా నడుముకి కట్టుకున్న పీచు మీదికి పోయింది. పడవ పక్కకి తిరిగింది. మంగ కెవ్వుమంది. భద్రం రెండు చేతులతో గడ పట్టుకున్నాడు. నీళ్ళ మానాన నీళ్ళు ఊరాయి. పడవ ఒడ్డుకి చేరింది.

సాయంత్రానికి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

భద్రం మఠానికి వచ్చాడు. అమ్మ జపంలో ఉంది. అయినా ఆగలేకపోయాడు.

"అంతా బాగానే ఉందమ్మా. కానీ ఒకచోట ఇంకా కారుతోందండి."

అమ్మ కళ్ళు తెరిచింది. చేతిలో మాల ఆగింది.

"నాదీ కారుతుందిరా, ఇన్నేళ్ళ నుంచి జపానికి కూర్చున్నా" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది.

భద్రం నడుముకున్న పీచు విప్పి అరుగు మీద పెట్టాడు. రేకుడబ్బా తీసుకుని, తొందర లేకుండా రేవులోకి దిగాడు.